తమరు వచ్చి వాసన చూడగలరు

మొన్న మా మేనల్లుడు మైలవరం నుంచి వస్తూ ఒక పెట్టె బంగినపల్లి పళ్ళు తెచ్చి షాపు కౌంటరు మీద పెట్టాడు. అన్నీ ఒకే రంగు, ఒక్కదాని మీద మచ్చ లేదు. నేనొకటి తీసి తిరగేసి, తొడిమ ఊడిన చోట, అంటే ముచ్చిక దగ్గర, ముక్కు ఆనించి కళ్ళు మూసుకున్నాను. “ఇదెక్కడ నేర్చుకున్నావు మావయ్యా?” అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పెట్టె మూసేసి బల్ల కిందికి తోశాను.

నూజివీడులో పుట్టి అరవై వేసవులు మామిడిపళ్ళు తిన్నవాణ్ణి. పండుకి రంగు చూడాలని తెలుసు, నొక్కి చూడాలని తెలుసు. ముచ్చిక దగ్గర వాసన చూడాలని నాకు చెప్పింది మాత్రం ముసునూరు రోడ్డులో ఒక పల్లె నుంచి వచ్చే కూలిమనిషి. “రంగు అబద్ధమాడుద్దండీ, ముచ్చిక ఆడదు. చెట్టు మీద పక్వానికొచ్చిన కాయైతే అక్కడ తీపి వాసనొస్తుంది. మందు పెట్టిందైతే ఏ వాసనా ఉండదు” అనేది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆమె కాగితం మీద నా చేత్తో రాసి నేను చేసిన నిర్వాకం చాలు.

మాది ఆఫీసుల వీధిలో జిరాక్సు షాపు. అర్జీలు టైపు చేస్తాం, నెట్‌లో దరఖాస్తులు నింపుతాం. సోమవారం అర్జీల రోజు గనక ఆమె సోమవారం సోమవారం వచ్చేది. ముప్పై అయిదు దాటి ఉండవు. షెడ్లలో కాయలు ఏరే పని. చిన్నకాయ, పెద్దకాయ, దెబ్బకాయ వేరుచేసి, వేరుచేసి, చేతుల నిండా సొన కాలిన నల్లమచ్చలు. భర్త చిక్కం కర్రతో కాయలు కోస్తాడు. పిల్లలిద్దరూ ఊళ్ళో బడిలోనే చదివేవాళ్ళు. ఆ బడి తల్లిదండ్రుల కమిటీకి ఈమెని చైర్మన్‌గా ఎన్నుకున్నారు. ఎవరూ ఒప్పుకోని పదవి కాబట్టి ఈమె మీద పెట్టారని ఊళ్ళోవాళ్ళే చెప్పారు.

కూచోమంటే కూచునేది కాదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వీధిలో పెట్టి నిలబడేది. “కూచుంటే వచ్చిన పని మర్చిపోతామండీ” అనేది. సంతకం పెట్టడానికి మాత్రం ఎంతసేపైనా పట్టేది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసేది. వెనకాల నలుగురు నిలబడి విసుక్కుంటున్నా తల ఎత్తేది కాదు. ఇంకో అలవాటు, ఏ మాట చెప్పినా చివర “అందుకని” అని ఆపేసేది. అందుకని ఏమిటో మనమే పూరించుకోవాలి.

అర్జీ ప్రతిసారీ ఒకటే. వాళ్ళ బడిగోడకి ఆనుకుని ఒక గోడౌను ఉంది. కాయల్ని మాగబెట్టేది. కార్బైడు వాడకూడదని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. నిషేధం కాగితం మీదుంది, డ్రమ్ములు గోడ పక్కనున్నాయి. అంతకుముందు జూన్‌లో, బడి తెరిచిన వారంలో, రేకుల చిల్లు నుంచి వాన కారి ఒక డ్రమ్ము తడిసింది. మంట లేవలేదు, ఆవిరి లేచింది. రెండో తరగతిలో ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. అందులో ఒకతి ఈమె కూతురు.

“ఆఖర్న ఒక్క ముక్క కలపండి అన్నయ్యగారూ” అనేది. “తమరు వచ్చి వాసన చూడగలరు, అని.”

“అర్జీల్లో అలా రాయరమ్మా. తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన, అని రాస్తారు.”

“తగు చర్య అంటే ఏంటో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. వాసనంటే ఇద్దరికీ తెలుసు కదండీ. అందుకని.”

సరే, నాదేం పోయిందని కలిపేవాణ్ణి. ఎన్ని అర్జీల కింద ఆ వాక్యం టైపు చేశానో గుర్తు లేదు. వాసన చూడటానికి ఎవరూ వెళ్ళినట్టు మాత్రం నేను వినలేదు.

ఒక సోమవారం నేను ఊరుకోక, “ఇంత చిన్నదానికి ఇన్నిసార్లు తిరుగుతున్నావు, ఆ గోడౌను షావుకారుతో ఒక మాట చెప్పుకుంటే పోలేదా?” అన్నాను. ఆమె కౌంటరు మీదున్న నా మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కుంది. కొంగుముడి విప్పి చింతగింజంత బూడిదరంగు రాయి తీసి అందులో వేసింది. నీళ్ళు బుసబుసమని పొంగాయి. కుళ్ళిన వెల్లుల్లి వాసన షాపంతా కమ్మేసింది. నేను ముక్కు మూసుకుని లేచి నిలబడ్డాను.

“ఇది చింతగింజంతండీ. అక్కడ పద్నాలుగు డ్రమ్ములు. ఇప్పుడు అగ్గిపుల్ల గీయమంటారా?” అని అడిగింది.

వద్దన్నాను. ఆమె ముఖంలో వేళాకోళం ఏమీ లేదు. వద్దంటే ఆగింది గాని గీయమంటే గీసేదే. గ్లాసు బయట కుళాయి దగ్గర మూడుసార్లు తోమి తెచ్చింది. నేను మళ్ళీ ఆ గ్లాసుతో తాగలేదు.

ఇంకో రోజు, ఏప్రిల్‌లో, ఒంటిపూట బడి నడుస్తున్న రోజుల్లో, పొద్దున్న పదింటికే పడమర నల్లబడింది. మా వైపు ఎండాకాలంలో మబ్బు పడితే అందరికీ ఒకటే దిగులు, గాలికి కాయ రాలిపోతుందని. వీధిలో జనమంతా తలలెత్తి తోటల గురించే మాట్లాడుకుంటున్నారు. ఆమె సంతకం పెడుతోంది. మూడో అక్షరం దగ్గర ఆగి, మబ్బు వంక చూసి, పెన్ను బల్ల మీద పడేసి ఆటోల వైపు పరుగెత్తింది. ఒరిజినల్ కాగితాలన్నీ నా దగ్గరే వదిలేసింది. ఆ రోజు వాన పడలేదు. మర్నాడు వచ్చి మిగతా అక్షరాలు పూర్తి చేసింది. పిల్లలందరినీ వీధి అరుగుల మీద కూచోబెట్టానని, మేష్టారు తిట్టారని చెప్పింది.

ఎన్నికల ప్రకటన వచ్చిన వారంలో, మెట్టు మీద కాలు పెట్టి, “ఎమ్మెల్యేకి నిలబడదామనుకుంటున్నానండీ” అంది.

నేను పెద్దగా నవ్వాను. “ముందు వార్డు మెంబరుకి నిలబడమ్మా” అన్నాను.

“వార్డు మెంబరు గోడ ఇవతలే ఉంటాడండీ. ఆ గోడౌను తాళం తీయించాలంటే అసెంబ్లీలో అడిగే మనిషి కావాలంట. మా ఊరి సంగతి ఎవరూ అడగట్లేదు. అందుకని.”

“మీ ఆయనేమన్నాడు?”

“చెట్టెక్కి చిక్కం పట్టుకున్నోడికి కింద మాటలు వినపడవు కదండీ” అని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

గెలుస్తుందని నేననుకోలేదు. ఆమె కూడా అనుకోలేదేమో. కాని షెడ్డు పని అయ్యాక కూతురి నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఓటు మాట ఎత్తేది కాదట. మీ వీధిలో ఏది బాగాలేదో చెప్పండి, రాసుకుంటాను అనేదట. ఎవరో మురుక్కాలవ అన్నారు, ఎవరో లో వోల్టేజి అన్నారు. చాలామంది గోడౌను అన్నారు. ఆ నోటుబుక్కు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. అంతవరకూ అది ఆమె ఒక్కదాని పిచ్చి అనుకున్నాను. ఎన్నికల మీటింగుల్లో ఒక మనిషి లేచి డ్రమ్ముల సంగతి నెలరోజులు ఊరూరా చెప్తే, గెలవకపోయినా, ఆ తాళం తీయక తప్పేది కాదు. అది షావుకారుకి నాకంటే ముందే అర్థమైంది.

పార్టీ లేని అభ్యర్థిని నియోజకవర్గంలో ఓటున్న పదిమంది ప్రతిపాదించాలి. పదికి ఒక్కటి తగ్గినా నామినేషను చెల్లదు. పదిమంది పేర్లు ఒక కాగితం మీద రాసుకొచ్చి, “వీళ్ళ ఓట్లు జాబితాలో చూసి నంబర్లు వేసిపెట్టండి అన్నయ్యగారూ. సాయంత్రం వస్తాను. మీరైతే తప్పు పోదు” అంది. ఇద్దరు కాయ కోసేవాళ్ళు, ముగ్గురు ఆమెతో ఏరేవాళ్ళు, ఒక టైలరు, అలా. పలుకుబడి ఉన్న పేరు ఒక్కటి లేదు. ఏడో పేరు తోటకాపలా తాతది.

ఒక్కో పేరూ కంప్యూటర్లో చూసుకుంటూ వచ్చాను. ఏడో పేరు దగ్గర ఆగాను. తాత ఓటు పక్కనున్న చింతలపూడి నియోజకవర్గంలో ఉంది. పూత వచ్చినప్పుడు వచ్చి, ఆఖరి కోత అయ్యేదాకా తోటలో గుడిసె వేసుకుని ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా అదే తోట. మా పల్లెల్లో మనిషిది ఏ ఊరని అడగరు, పూతకి ఏ తోటలో ఉంటాడని అడుగుతారు. అదే అతని ఊరు. ఆ లెక్కన తాత వాళ్ళ మనిషే. ఆయనకి ఇంకోచోట ఇల్లూ ఓటూ ఉంటాయని ఆమెకి తోచలేదు. ఆమె తన పేరెందుకు అడిగిందో ఆయనకి తెలియలేదు. సాయంత్రం చెబుదామని, మర్చిపోకుండా ఆ పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను.

మధ్యాహ్నం షావుకారు గుమస్తా ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చాడు. మా షాపున్న కాంప్లెక్సు షావుకారుదే. గుమస్తా బహు మర్యాదస్తుడు, నాకంటే పెద్దవాడు. కాపీ తీస్తుంటే బల్ల మీద కాగితం వంక వంగి చూశాడు. నేను బోర్లించి ఉండాల్సింది. బోర్లించలేదు.

“ఏడో ఆయన మా తోటలో తాత కదండీ?” అన్నాడు. “ఆయన ఓటు చింతలపూడి. ప్రతి ఎలక్షనుకీ చెప్పి వెళ్ళొస్తాడు. పాపం ఆ అమ్మాయి కనుక్కున్నట్టు లేదు.” కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీరు చూశారే. చుక్క పెట్టారు.”

నేను సొరుగు లాగి చిల్లర వెతికాను.

“కాంప్లెక్సు కట్టినప్పట్నుంచీ మీరిక్కడే కదూ? షావుకారు గారు మొన్న మిమ్మల్ని తల్చుకున్నారండి. ఎవరి జోలికీ పోని మనిషి అన్నారు.” చెప్పులు వేసుకుంటూ మళ్ళీ వెనక్కి తిరిగి, “మంచి మాటే అన్నారులెండి” అని వెళ్ళిపోయాడు.

ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు, అని మా నాన్న రోజుకోసారి అనేవాడు. మా ఇంట్లో అది సామెత కాదు, కులదైవం. సాయంత్రం ఆమె వచ్చేసరికి నేను పది పేర్లకీ నంబర్లు వేసి ఉంచాను. తాతకి చింతలపూడి జాబితా నంబరే వేశాను. అంకెల్లో తప్పు లేదు. ఆమె పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చి ఏడో దగ్గర ఆగింది.

“ఈ చుక్కేంటండీ?”

“ఏం లేదమ్మా. పెన్సిలు తగిలింది.”

ఆమె నా వంక చూసింది. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం. “మీరు చూశాక ఇంక నేను చూసేదేముందిలెండి” అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత తెల్లారేసరికి ఆ పదిమంది గుమ్మాల్లోనూ, చివరికి తాత గుడిసె ముందు కూడా, ఒక్కో రసాల బుట్ట ఉంది. కాయలు దిగాక తోట ఆసాములు అయినవాళ్ళకి మొదటి బుట్ట పంపడం మా వైపు ఆనవాయితీ. అది గౌరవం, ఎవరూ తిప్పి పంపరు. కాని కూలివాళ్ళ గుమ్మంలోకి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఎవరు పెట్టారో చెప్పలేదు, చీటీ లేదు. పళ్ళ కింద గడ్డిలో న్యూస్‌పేపరు చుట్టిన చిన్న పొట్లం ఉంది. విప్పితే బూడిదరంగు రాళ్ళు. టైలరు భార్య ఆ బుట్టని కర్రతో నెట్టుకుంటూ వీధి చివరికి తీసుకెళ్ళిందట. ఆ పొట్లాలు ఇంట్లో నీళ్ళకుండ పక్కన ఎవరైనా పెడితే ఏమవుతుందో వాళ్ళందరికీ ఆమె ముందే చెప్పి ఉంది.

మా ఇంటి గుమ్మంలో కూడా ఒక బుట్ట ఉంది. గడ్డంతా తీసి చూశాను. మా బుట్టలో పొట్లం లేదు.

అప్పటికీ టైముంది. ఒక్క ఫోను చేస్తే తాత పేరు తీసేసి ఇంకొకరిని పెట్టుకునేది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ఆవిడ రసం పిండుతూ, ఈ ఏడాది పళ్ళు భలే తియ్యగా ఉన్నాయంది. ఫోను కింద పెట్టాను.

బుట్టలు చూసి సగంమంది తప్పుకుంటారని వీధిలో అందరూ అనుకున్నారు. నేనూ అదే కోరుకున్నాను. వాళ్ళు తప్పుకుంటే నా చుక్క సంగతి ఎవరికీ అక్కర్లేదు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం పదిమందీ ఒకే ట్రాక్టరులో వచ్చి మా షాపు ముందే దిగారు. ఏరేవాళ్ళు ముగ్గురూ పనికి పోకుండా వచ్చారు. తాత కొత్త పంచె కట్టుకున్నాడు. ఎన్నికల ఆఫీసులో వేలిముద్ర వేసి బయటికి వచ్చి, సిరా అంటిన బొటనవేలు అందరికీ చూపించాడు. అంత భయంలో, చదువు రాని పదిమంది మాట తప్పలేదు. తప్పింది చదువొచ్చిన పదకొండోవాడు.

పరిశీలన రోజు పెద్దగా ఏమీ జరగలేదు. ఇంకో అభ్యర్థి తరఫు లాయరు లేచి ఏడో పేరు మీద అభ్యంతరం చెప్పాడు. జాబితా తెరిచి చూశారు. తిరస్కరించారు. ఎవరూ అన్యాయం చెయ్యలేదు, రూలు అది. తాత వచ్చి మా షాపు మెట్ల మీద కూలబడ్డాడు. నేను లోపల మిషను తలుపు తీసి, ఇరుక్కోని కాగితాన్ని లాగుతున్నట్టు, తేలు కుట్టిన దొంగలా వంగి ఉన్నాను.

“నా ఓటెక్కడో నేను చెప్పాల్సిందమ్మా. నా మూలంగా పోయింది” అని తాత తల కొట్టుకుంటున్నాడు.

“నీ మూలంగా కాదు తాతా. నువ్వు మా ఊరోడివి కాదని మేమన్నామా? కాగితం అంది, అంతే. లే” అని ఆమె రెక్క పట్టుకుని లేపింది.

తర్వాతి సోమవారం మామూలుగానే వచ్చింది. అర్జీ లేదు. సంచిలోంచి పది పేర్ల కాగితం తీసి, ఒక కాపీ కావాలంది. తీసిచ్చాను. వెలుగులోకి పట్టుకుని చూసింది.

“చుక్క కూడా పడిందండీ” అంది.

అంతే. తిట్టలేదు, అడగలేదు. చివర “అందుకని” కూడా అనలేదు. కాపీ నా బల్ల మీదే వదిలి, అసలుది తీసుకుని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్టినవాళ్ళకి బదులు చెప్పుకోవచ్చు, క్షమించమని కాళ్ళు పట్టుకోవచ్చు. ఆమె నాకు ఆ వీలు ఇవ్వలేదు.

ఆ వేసవి తర్వాత ఆమెని ఏ షెడ్డులోనూ పనికి పిలవలేదు. భర్తనీ కోతలకి పిలవలేదు. తాతని తోటలోంచి పంపించేశారు. అందరూ చింతలపూడి వైపు వెళ్ళిపోయారని విన్నాను. మా షాపు ఇప్పటికీ ఆ కాంప్లెక్సులోనే ఉంది. షావుకారు ఎదురైతే నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

మొన్న మేనల్లుడి పళ్ళపెట్టె వచ్చిన మర్నాడే ఆమె భర్త షాపుకి వచ్చాడు. ఆమె పేరు ఓటరు జాబితాలో అక్కడికి మార్పించడానికి కాగితాలు తెచ్చాడు. నేను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది, అతన్ని నేల మీద చూడటం నాకు అలవాటు లేదు.

“చింతలపూడిలో నెట్ షాపుల్లేవా?” అన్నాను.

“ఉన్నాయండి. మీ దగ్గరే చేయించమంది. అన్నయ్యగారు జాబితా చూట్టంలో పొరపాటు చెయ్యరంది.” అతనికి ఆ మాటలో ఏముందో తెలియదు. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు.

తలొంచుకుని ఫారం నింపడం మొదలుపెట్టాను. చేతులకి ఏదో పని ఉండటం నయమనిపించింది. “తాతెలా ఉన్నాడు?” అని అడిగాను.

“పోయాడండి, చలికాలంలో. చివరిదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. నా మూలంగానే పోయిందని ఒకటే ఏడుపు. నీ తప్పు కాదు తాతా అని మా ఆవిడ చెప్తానే ఉంది. నమ్మలేదండి.”

నమ్మేటట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్కణ్ణించి గంటన్నర బస్సు. వెళ్ళలేదు. ఫారం పూర్తి చేసి ఇచ్చాను. అతను రెండు చేతులతో తీసుకుని, మెట్టు దిగబోయి, ఆగాడు.

“ఇంకోటి అడిగి రమ్మందండి. బడి పక్కన ఆ డ్రమ్ములు తీసేశారా?”

ఆ గోడౌను సంగతి నాకు తెలుసు. పక్కస్థలం కూడా కలుపుకున్నారు. కిందటి వారం లారీ దిగడం నా కళ్ళతో చూశాను. ఎందుకో ఈసారి అబద్ధం రాలేదు.

“తియ్యలేదు. ఇంకా పెంచారు” అన్నాను.

“బడి సోమవారం తెరుస్తారు కదండీ. వానలు కూడా వచ్చేస్తన్నాయి.” అతను వీధిలోకి చూసి, మళ్ళీ నా వంక తిరిగాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు, తెలుసుకుందామని అడిగాడు. “మరి మీరు ఎవరికన్నా చెప్పారాండీ?”

లేదన్నాను.